నలభై దాటాక కుటుంబంతో ఆస్ట్రేలియా పీఆర్: సీమ వాళ్లు ఫైలు ఎలా వెయ్యాలి

ఆస్ట్రేలియా స్కిల్డ్ వీసాకు ఇన్విటేషన్ (దరఖాస్తు వేసుకోమని అక్కడి ప్రభుత్వం పంపే పిలుపు) వచ్చే రోజుకు ప్రధాన దరఖాస్తుదారుకి 45 ఏళ్లు నిండి ఉండకూడదు. చాలామంది ఈ గడువును ఫైలు మొదలుపెట్టిన రోజుతో ముడిపెట్టుకుని నిదానంగా ఉంటారు. 43 ఏళ్లకు మొదలుపెట్టి, సర్టిఫికెట్లలో పేర్లు సర్దుకోవడానికి ఆరు నెలలు, ఇంగ్లిష్ పరీక్షకు ఇంకో ఆరు నెలలు పోతే, ఇన్విటేషన్ కోసం లైన్లో నిలబడే సరికే పుట్టినరోజు వచ్చేస్తుంది. కాబట్టి ఏ పని ఎక్కువ కాలం పడుతుందో అది ముందు చేయాలి. కింద రాసిన వరుస ఆ లెక్కతోనే ఉంది.

వీసాలు మూడు. 189 ఎవరి స్పాన్సర్‌షిప్పూ అక్కర్లేని పీఆర్, అంటే శాశ్వత నివాసం. 190 ఒక రాష్ట్ర ప్రభుత్వం నామినేట్ చేస్తే వచ్చే పీఆర్. 491 ఐదేళ్ల తాత్కాలిక వీసా. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ కాకుండా మిగతా ప్రాంతాల్లో ఉండాలి, మూడేళ్లు గడిచి ఆదాయం పన్ను లెక్కల్లో కనబడితే 191 పేరుతో పీఆర్‌కు వెళ్లొచ్చు. ఆ మిగతా ప్రాంతాలంటే అడవి అనుకోకండి. అడిలైడ్, పెర్త్, కాన్‌బెర్రా కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

ఫైలు ఎవరి పేరు మీద?

మన ఇళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. మొగుడి పేరు మీదే అని ముందే తేలిపోయి ఉంటుంది. నలభై దాటిన కుటుంబానికి అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే.

వయసు పాయింట్లు చూడండి: 25 నుంచి 32 ఏళ్ల వరకు 30, 33 నుంచి 39 వరకు 25, 40 నుంచి 44 వరకు 15. నలభయ్యో పుట్టినరోజు నాడు ఒక్కసారిగా 10 పాయింట్లు పోతాయి. మన వైపు భార్యాభర్తల మధ్య నాలుగైదేళ్ల తేడా మామూలే కాబట్టి ఆమె ఇంకా 25 పాయింట్ల వరుసలోనే ఉంటుంది.

ఉదాహరణకు భర్తకు 41, మెకానికల్ ఇంజనీరు, ఎనిమిదేళ్లకు పైగా అనుభవం. భార్యకు 36, ఎంసీఏ చేసి సాఫ్ట్‌వేర్‌లో ఉంది, మధ్యలో పిల్లల కోసం మానేసిన ఏళ్లు పోగా లెక్కకు వచ్చే అనుభవం ఐదేళ్లు. ఆయన పేరు మీద వేస్తే వయసుకు 15, డిగ్రీకి 15, అనుభవానికి 15, ఇంగ్లిష్ పరీక్ష ఐఇఎల్‌టిఎస్‌లో ఏడు బ్యాండ్లకు 10, మొత్తం 55. ఆమె పేరు మీద వేస్తే వయసుకు 25, డిగ్రీకి 15, అనుభవానికి 10, ఇంగ్లిష్‌కు 10, మొత్తం 60. అనుభవం తక్కువైనా ఆమె ఫైలే ముందుంది. ఇద్దరికీ స్కిల్ అసెస్‌మెంట్ (చదువు, అనుభవం చూసి అక్కడి వృత్తి సంస్థ ఇచ్చే ధ్రువీకరణ) వచ్చి, రెండో వాళ్లకు ఐఇఎల్‌టిఎస్‌లో అన్నిటా 6 ఉంటే ఎవరి ఫైలుకైనా ఇంకో 10 కలుస్తాయి. అసెస్‌మెంట్ లేకుండా ఆ ఇంగ్లిష్ మాత్రమే ఉంటే 5.

ఇక్కడ రెండు మెలికలు. ఆ 10 పాయింట్లు ఇవ్వాలంటే రెండో వాళ్లకూ 45 నిండకూడదు, ఇద్దరి వృత్తులూ ఆ వీసాకు వర్తించే ఒకే జాబితాలో ఉండాలి. కానీ కేవలం జీవిత భాగస్వామిగా వెంట రావడానికి వయసు హద్దు లేదు. భర్తకు 47 వచ్చి ఇక అయిపోయిందని ఊరుకున్న ఇంట్లో, 41 ఏళ్ల భార్య బీయీడీ చేసి స్కూల్లో పాఠాలు చెబుతుంటేనో, నర్సుగా ఉంటేనో, దారి ఇంకా తెరిచే ఉంది. టీచర్లు, నర్సులు కావాలని చాలా ఆస్ట్రేలియా రాష్ట్రాలు వెతుక్కుంటున్నాయి.

కాబట్టి తొలి వారం చేయాల్సింది ఒకటే. కాగితం మీద రెండు గళ్లు గీసి ఇద్దరి లెక్కా విడివిడిగా వేయండి. కనీసం 65 కావాలి, కానీ 65తో చాలా వృత్తుల్లో 189 ఇన్విటేషన్ రాదు. రాష్ట్ర నామినేషన్‌కు 190లో 5, 491లో 15 కలుస్తాయి. నలభై దాటిన వాళ్లకు ఈ 15 తరచూ ప్రాణం పోస్తుంది.

పేర్లు, పుట్టిన తేదీలు, ఇంటిపేర్లు

ఎక్కువ నెలలు మింగేది ఈ పని. ఇంగ్లిష్ పుస్తకం తెరవక ముందే ఇది మొదలుపెట్టండి.

ఒక మామూలు ఫైలు ఎట్లా ఉంటుందో చూడండి. పదో తరగతి మెమోలో కె. లక్ష్మీదేవి, ఆ కె పుట్టింటి కొత్తపల్లి. డిగ్రీలో కె. లక్ష్మి దేవి, రెండు ముక్కలుగా. పెళ్లయ్యాక తీసిన పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఎర్రగుంట్ల. ఆధార్‌లో ఒట్టి లక్ష్మి, అదీ ఇంగ్లిష్‌లో ఎక్స్ అక్షరంతో. మెమోలోనేమో కె ఎస్ హెచ్‌తో. మనకు ఇందులో వింతేమీ కనబడదు. అక్కడ ఫైలు చూసే ఆఫీసరుకు నలుగురు మనుషులు కనబడతారు.

అన్నీ మార్చుకుంటూ కూర్చోవద్దు. పాస్‌పోర్ట్‌ను మూలంగా పెట్టుకోండి. అందులో ఇంటిపేరు పూర్తిగా ఉండాలి, పొడి అక్షరం ఉంటే రీఇష్యూలో విడదీయించుకోండి. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉన్న పాత పాస్‌పోర్టులు సీమలో ఇంకా చాలా ఉన్నాయి. అవీ సరిచేయించుకోవడం మేలు. ఇంగ్లిష్ పరీక్షలైన పీటీఈకి, ఐఇఎల్‌టిఎస్‌కు పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరుతోనే రిజిస్టర్ చేసుకోవాలి, పరీక్ష గదిలోకి వెళ్లడానికి చూపించేదీ పాస్‌పోర్టే. పరీక్ష రాసేసి తర్వాత పాస్‌పోర్ట్‌లో పేరు మారిస్తే స్కోరు ఒక పేరుతో, వీసా ఒక పేరుతో మిగులుతాయి.

మిగతా తేడాలకు నోటరీ దగ్గర స్టాంపు పేపరు మీద ఒక అఫిడవిట్ చేయించుకోండి. ఫలానా సర్టిఫికెట్లో ఈ పేరు, ఫలానా దాంట్లో ఈ పేరు, అన్నీ నేనే అని ఒక్కో పత్రాన్నీ నంబరుతో సహా రాయాలి. వీసా దరఖాస్తులో ఇతర పేర్లు ఉన్నాయా అన్న ప్రశ్నకు ఉన్నాయని చెప్పి, ప్రతి స్పెల్లింగూ ఎక్కించండి. లేవని టిక్ పెట్టేసి, తర్వాత నాలుగు పేర్ల సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేసేవాళ్లే ఎక్కువ.

ఊళ్ల పేర్ల సంగతి కూడా ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. అనంతపురం జిల్లా అని పాస్‌పోర్ట్‌లో ఉన్న హిందూపురం ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. కర్నూలు జిల్లా నంద్యాల ఇప్పుడు తనే ఒక జిల్లా. కడపకైతే సి తో మొదలయ్యే పాత స్పెల్లింగు, కె తో మొదలయ్యే కొత్త స్పెల్లింగు, మధ్యలో వైఎస్సార్ జిల్లా, ఇన్ని ఉన్నాయి. పుట్టిన చోటు పాస్‌పోర్ట్‌లో ఎట్లా ఉంటే అట్లాగే రాయండి. చిరునామాలు రాసేటప్పుడు ఆ రోజుల్లో ఏ జిల్లా అయితే ఆ జిల్లా రాసి, ఒక్క వాక్యంలో వివరణ ఇస్తే చాలు.

యూనివర్సిటీ పేరు దగ్గరా ఇదే తికమక. 2008కి ముందు అనంతపురం జేఎన్‌టీయూ కాలేజీలో చదివిన వాళ్ల డిగ్రీ మీద ఉండేది హైదరాబాద్ కేంద్రంగా ఉన్న పాత ఉమ్మడి జేఎన్‌టీయూ. ఫారంలో జేఎన్‌టీయూ అనంతపురం అని రాసేస్తే డిగ్రీకీ దానికీ పొంతన కుదరదు. సర్టిఫికెట్ మీద ఏది అచ్చయి ఉందో అదే రాయండి. ప్రొవిజనల్‌తోనే ఇరవయ్యేళ్లు గడిపేసి, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) ఇంతవరకు తీసుకోని వాళ్లు వెంటనే అప్లై చేయండి. పాత బ్యాచ్‌ల ఓడీ, ట్రాన్స్‌క్రిప్ట్ రావడానికి నెలలు పడుతుంది, పరీక్షల విభాగానికి ఒకసారైనా స్వయంగా వెళ్లక తప్పదు.

పెళ్లి సర్టిఫికెట్ లేని ఇళ్లు చాలా. పదిహేనేళ్ల కిందటి పెళ్లయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇప్పుడు రిజిస్టర్ చేయించుకోవచ్చు: శుభలేఖ, పెళ్లి ఫోటో, ఇద్దరి వయసు రుజువులు, సాక్షులు. శుభలేఖ దొరక్కపోతే ఏం అడుగుతారో ముందే కనుక్కుని వెళ్లండి. నికానామా ఉర్దూలో ఉంటే, పిల్లల జనన ధ్రువపత్రం తెలుగులో ఉంటే, ఇంగ్లిష్ అనువాదం కావాలి. అనువాదకుడి పేరు, చిరునామా, ఫోన్, అర్హత ఆ కాగితం మీదే ఉండాలి. జనన ధ్రువపత్రంలో బిడ్డ పేరు లేకుండా ఉత్త తల్లిదండ్రుల పేర్లే ఉంటే మున్సిపాలిటీలో పేరు చేర్పించుకోండి.

స్కిల్ అసెస్‌మెంట్

మీ వృత్తికి ఏ సంస్థ అయితే దానికే వెళ్లాలి. ఐటీకి ఏసీఎస్, ఇంజనీర్లకు ఇంజనీర్స్ ఆస్ట్రేలియా, టీచర్లకు ఏఐటీఎస్‌ఎల్, నర్సులకు ఆన్‌మాక్, మిగతా అనేక వృత్తులకు వెటాసెస్. ముందు మీ పని ఆన్‌జ్స్కో అనే వృత్తుల జాబితాలో ఏ కోడ్ కిందికి వస్తుందో చూసుకోండి. విజిటింగ్ కార్డు మీది హోదా చూసి కోడ్ ఎంచుకోవద్దు, రోజూ చేసే పని చూసి ఎంచుకోండి.

ఐటీ వాళ్లకు ఒక మాట. ఏసీఎస్ కొన్ని ఏళ్ల అనుభవాన్ని అర్హత కింద కోసేస్తుంది. కంప్యూటర్ డిగ్రీ చేసి, పని దానికి దగ్గరగా ఉంటే, గత పదేళ్లలోని 2 ఏళ్లు గానీ, మొత్తం మీద 4 ఏళ్లు గానీ, ఏది ముందు పూర్తయితే అది పోతుంది. డిగ్రీకీ పనికీ దూరం పెరిగే కొద్దీ కోత పెరుగుతుంది. పాయింట్లకు లెక్కించేదేమో గత పదేళ్లే. కోత ఆ పదేళ్లలోనే పడి 7 ఏళ్లు మిగిలితే 10 పాయింట్లు, 8 మిగిలితే 15. పదహారేళ్ల సర్వీసు ఉన్నవాళ్లకు కోత మొదటి ఉద్యోగంలోనే పడి, ఈ పదేళ్లు ముట్టకుండా మిగులుతాయి. అందుకు 2008లోనో 2009లోనో చేసిన మొదటి ఉద్యోగానికి పత్రాలు ఉండాలి. ఆ కంపెనీ మూతపడి ఉంటే అప్పటి మేనేజరును వెతికి పట్టుకుని, ఆయన చేత పని వివరాలతో డిక్లరేషన్ రాయించి, అప్పటి జీతం స్లిప్పులు, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంటు జత చేయండి.

ఇంజనీర్లు సీడీఆర్ (తమ సామర్థ్యాన్ని చూపించే నివేదిక) రాయాలి: మూడు కెరీర్ ఎపిసోడ్లు, ఒక్కోటి 1,000 నుంచి 2,500 పదాలు, పైన సమ్మరీ స్టేట్‌మెంట్, నేర్చుకున్న శిక్షణల జాబితా. ఎపిసోడ్‌లో టీమ్ ఏం చేసిందని రాస్తే పనికిరాదు, నేను ఏ లెక్క కట్టాను, ఏ డిజైన్ మార్చాను, ఎందుకు మార్చాను అన్నది రావాలి. తాడిపత్రి దగ్గర సిమెంటు ప్లాంటులో పనిచేసిన వాళ్లు కిల్న్ బేరింగ్ వేడెక్కిన సంగతి రాస్తే, ఎంత ఉష్ణోగ్రత, ఏ ఆయిల్, షిఫ్టులో ఏ నిర్ణయం అన్నదాకా దిగండి. అమీర్‌పేటలోనో ఇంకెక్కడో రెడీమేడ్ సీడీఆర్ కొనుక్కోవడం మాత్రం వద్దు. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌కు ఆ ఎపిసోడ్లు ముందే తెలుసు. దొరికితే ఫైలు తిరస్కరించి, కొంతకాలం మళ్లీ వేయనివ్వరు. నలభై దాటిన వాళ్లకు ఆ కొంతకాలం అంటే మొత్తం అయిపోయినట్టే.

టీచర్లకు గట్టి పరీక్ష ఇంగ్లిష్ దగ్గర. ఏఐటీఎస్‌ఎల్ ఐఇఎల్‌టిఎస్ అకడమిక్‌లో రీడింగ్, రైటింగ్ 7, లిజనింగ్, స్పీకింగ్ 8 అడుగుతుంది. డిగ్రీ, బీయీడీ కలిపి నాలుగేళ్ల చదువు ఉండాలి. బీయీడీలో పర్యవేక్షణతో కనీసం 45 రోజులు టీచింగ్ ప్రాక్టీస్ చేసినట్టు కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం కావాలి. ఎన్ని రోజులు, ఏ స్కూల్లో, ఏ తరగతులకు అని అందులో ఉండాలి. హాజరు లేకుండా బీయీడీ కానిచ్చేసిన వాళ్లకు ఈ ఉత్తరం దగ్గరే ఆగిపోతుంది, దానికి మందు లేదు.

అనుభవం ఉత్తరాల్లో సాధారణంగా జరిగే తప్పు: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేశారు, నడవడిక బాగుంది, అంతే. హోదా, వారానికి ఎన్ని గంటలు, జీతం, చేసిన పనుల జాబితా, సంతకం చేసినవారి ఫోన్, ఆఫీసు మెయిల్ ఉండాలి. ప్రభుత్వ ఆఫీసులు ఇట్లాంటివి తమంతట తాము రాసివ్వవు. మీరే ముసాయిదా తయారుచేసి తీసుకెళ్లండి. కోడ్ వివరణలోని వాక్యాలను మాత్రం దించేయకండి, ఆఫీసర్లు వాటిని రోజూ చదువుతుంటారు. జీతం చేతికి నగదుగా తీసుకున్న ఏళ్లకు పీఎఫ్, పన్ను, బ్యాంకు ఏదో ఒక రుజువు లేకపోతే ఆ ఏళ్లను వదిలేసుకోవడమే మంచిది.

"ఏం కాదులేన్నా, రెండేళ్లు ఎక్కువ చూపిద్దాం" అనే కన్సల్టెంటు దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. తప్పుడు సమాచారం దొరికితే మూడేళ్ల నిషేధం, అది ఫైల్లో ఉన్న కుటుంబం మొత్తానికీ తగులుతుంది. వీసా ఆఫీసు వాళ్లు కంపెనీకి, స్కూలుకి ఫోన్ చేస్తారు. మీ హెచ్‌ఆర్‌కో హెడ్‌మాస్టరుకో ముందే చెప్పి ఉంచండి. ఎత్తినవాళ్లు ఆ పేరుతో ఇక్కడెవరూ లేరంటే నిజమైన అనుభవం కూడా గాలికి పోతుంది.

ఇంగ్లిష్, తెలుగు

అన్నిటా 7 వస్తే 10 పాయింట్లు, 8 వస్తే 20. నలభై దాటిన వాళ్లకు పోయిన వయసు పాయింట్లు మళ్లీ సంపాదించుకునే పెద్ద చోటు ఇదే, కాబట్టి 7 రాగానే ఆగిపోవద్దు. 2025 ఆగస్టు 7 నుంచి రాసిన పీటీఈకి కొత్త లెక్క వచ్చింది. పాత 65, 79 అన్నిటికీ ఒకే కొలత పోయింది. ఇప్పుడు 10 పాయింట్లకు లిజనింగ్ 58, రీడింగ్ 59, రైటింగ్ 69, స్పీకింగ్ 76 కావాలి. 20 పాయింట్లకు వరుసగా 69, 70, 85, 88. అంటే మాట్లాడడం, రాయడం బరువెక్కాయి. పాత వీడియోలు చూసి తయారవుతున్న వాళ్లు ఇది గమనించుకోండి. పరీక్ష సెంటర్‌లోనే రాయాలి, ఇంట్లో కూర్చుని రాసేది చెల్లదు.

ఇంకో 5 పాయింట్లు తెలుగు నుంచే వస్తాయి. అనువాదకులకు గుర్తింపు ఇచ్చే ఆస్ట్రేలియా సంస్థ నాటీ పెట్టే సీసీఎల్ పరీక్షలో తెలుగు ఉంది. రెండు సంభాషణలు వినిపిస్తారు, ఒక్కోటి సుమారు 300 పదాలు. ఇంగ్లిష్ ముక్కను తెలుగులోకి, తెలుగు ముక్కను ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పాలి. 90కి 63 రావాలి, ఒక్కో దాంట్లో 45కి కనీసం 29. ఆన్‌లైన్‌లో రాయొచ్చు, ఫీజు సుమారు 800 డాలర్లు (ఇక్కడ రాసిన డాలర్లన్నీ ఆస్ట్రేలియావే). తెలుగే కదా అని వెళ్లి పోగొట్టుకునే వాళ్లు ఎక్కువ, ఎందుకంటే సంభాషణలు బీమా, అద్దె ఒప్పందం, సెంటర్‌లింక్ (ప్రభుత్వ సాయం ఇచ్చే ఆఫీసు), ఆసుపత్రి మీద ఉంటాయి. లీజు, బాండ్, రిఫరల్, రీబేట్ లాంటి మాటలకు మీ దగ్గర తడుముకోని తెలుగు ఉండాలి, నోట్సు తీసుకోవడం చేతికి అలవాటై ఉండాలి.

వెంట వచ్చే భాగస్వామికి పాయింట్లు అక్కర్లేకపోయినా ఫంక్షనల్ ఇంగ్లిష్, అంటే మామూలు వాడుకకు సరిపడే ఇంగ్లిష్ ఉన్నట్టు రుజువు కావాలి. అది లేకపోతే రెండో విడత ఫీజు కింద 4,890 డాలర్లు కట్టించుకుంటారు. తెలుగు మీడియం చదువు అని బెంగపడనక్కర్లేదు: డిగ్రీ ఇంగ్లిష్ మీడియంలో చేసి ఉంటే కాలేజీ నుంచి మీడియం ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ ఉత్తరం తీసుకోండి. డిగ్రీ లేకపోతే ఐఇఎల్‌టిఎస్ సగటు 4.5 చాలు. మూడు నెలల కోచింగ్‌తో మూడు లక్షల దాకా మిగులుతుంది.

ఈఓఐ, ఇన్విటేషన్, డబ్బు

అసెస్‌మెంట్, ఇంగ్లిష్ రెండూ చేతికొచ్చాక స్కిల్‌సెలెక్ట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో ఈఓఐ, అంటే ఆసక్తి తెలిపే ఫారం, వేయాలి. ఇది ఉచితం, రెండేళ్లు ఉంటుంది. ఇక్కడ చెప్పుకున్న ప్రతి పాయింటుకూ ఇన్విటేషన్ రోజుకు రుజువు ఉండాలి. ఒక్క 5 ఎక్కువ వేసుకుని ఇన్విటేషన్ తెచ్చుకుంటే, తర్వాత కట్టిన ఫీజు తిరిగి రాదు. 190కి, 491కి రాష్ట్రాల వెబ్‌సైట్లలో విడిగా దరఖాస్తు ఉంటుంది, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో షరతు. కొన్ని రాష్ట్రాలు ఏడాది కోటా అయిపోగానే మూసేస్తాయి. కొత్త ఆర్థిక సంవత్సరం జులైలో మొదలవుతుంది కాబట్టి, ఫైలు జూన్ నాటికి సిద్ధంగా ఉంటే మంచిది.

ఇన్విటేషన్ వచ్చాక 60 రోజుల్లో దరఖాస్తు వేసి ఫీజు మొత్తం ఒకేసారి కట్టాలి. 2025-26 రేట్ల ప్రకారం ప్రధాన వ్యక్తికి 4,910, భాగస్వామికి 2,455, 18 లోపు ఒక్కో బిడ్డకు 1,230 డాలర్లు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి 9,825. డాలరు 60 రూపాయలనుకుంటే సుమారు 5 లక్షల 90 వేలు. పైన కార్డు సర్‌చార్జీ, మీ బ్యాంకు విదేశీ మార్కప్. ఇక్కడ మనవాళ్లు ఇరుక్కునేది డబ్బు లేక కాదు, కార్డు లిమిట్ చాలక. రెండు లక్షల లిమిట్ కార్డులు మూడు కలిపి కట్టడం కుదరదు. ఇన్విటేషన్ కోసం చూస్తున్న రోజుల్లోనే లిమిట్ పెంచమనండి, లేదా ఆస్ట్రేలియా డాలర్లు నింపిన ఫారెక్స్ కార్డు తీసుకోండి, అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి పెట్టుకోండి. చేను అమ్మి కట్టాలనుకునే వాళ్లు రిజిస్ట్రేషన్ ఆలస్యాలను ఈ 60 రోజుల్లోకి రానివ్వొద్దు.

ఏజెంటును పెట్టుకుంటే ఆస్ట్రేలియా రిజిస్టర్‌లో ఏడంకెల నంబరు ఉన్నవాళ్లనే పెట్టుకోండి. ఆ రిజిస్టర్‌లో పేరు మీరే వెతికి చూడొచ్చు. వీసా దరఖాస్తు వేసే ఆన్‌లైన్ అకౌంటు ఇమ్మిఅకౌంట్ పాస్‌వర్డ్, ఆ అకౌంటుకు ఇచ్చిన మెయిల్ మీ చేతుల్లో ఉండాలి. ఆఫీసరు ఇంకో పత్రం అడిగితే 28 రోజులే గడువు. ఆ మెయిల్ ఏజెంటు ఇన్‌బాక్సులో పడి ఉండిపోయిన ఫైళ్లు తక్కువేం కాదు.

పీసీసీ, పోలీసు కేసులు

గత పదేళ్లలో 12 నెలలకు పైగా ఉన్న ప్రతి దేశం నుంచి పోలీసు క్లియరెన్స్ (పీసీసీ) కావాలి. ఇండియాది పాస్‌పోర్ట్ సేవా ద్వారా, 500 రూపాయలు. కడప, రాయచోటి, రాజంపేట వైపు కువైట్ వెళ్లొచ్చిన వాళ్లకు కువైట్ పీసీసీ కూడా తప్పదు. అక్కడ ఉండగానే తీసుకోవడం తేలిక, తిరిగొచ్చాక చాలా తిప్పలు. పాత పాస్‌పోర్ట్, సివిల్ ఐడీ కాపీ పారేయకండి, అవి లేకపోతే పని అసలు కదలదు.

ఇంకో సంగతి, మన ప్రాంతంలో మాట్లాడటానికి మొహమాటపడేది. ఊరి గొడవలో ఎఫ్‌ఐఆర్ రాసేటప్పుడు ఒక ఇంటి మగవాళ్లందరి పేర్లూ ఎక్కించేస్తారు, ఆ రోజు ఊళ్లో లేనివాళ్లవి కూడా. పదిహేనేళ్ల తర్వాత పీసీసీ వెరిఫికేషన్‌కు కానిస్టేబుల్ వచ్చినప్పుడు అది పైకొస్తుంది. ముందే మీ స్టేషన్‌లోనో లాయరు ద్వారానో కనుక్కోండి. కేసు కొట్టేసి ఉంటే, లోక్ అదాలత్‌లో రాజీ అయి ఉంటే, కోర్టు నుంచి ఆర్డరు సర్టిఫైడ్ కాపీ తీసుకుని ఇంగ్లిష్‌లో అనువాదం చేయించి పెట్టుకోండి. వీసా ఫైల్లో వ్యక్తిగత వివరాలు రాసే ఫారం 80లో అడిగిన చోట దాచకుండా రాయండి. కొట్టేసిన కేసు వల్ల వీసా పోవడం అరుదు. దాచిన కేసు వల్ల పోవడం మామూలు.

మెడికల్స్

ఊళ్లో ఏ డాక్టరు రాసిచ్చినా చెల్లదు. ఆస్ట్రేలియా గుర్తించిన ప్యానెల్ డాక్టర్లు హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో ఉన్నారు. కర్నూలు వాళ్లకు హైదరాబాద్, అనంతపురం వాళ్లకు బెంగళూరు, కడప వాళ్లకు చెన్నై దగ్గర. హ్యాప్ ఐడీ (మెడికల్స్‌కు వీసా ఫైలు నుంచి వచ్చే నంబరు) కాగితం, పాస్‌పోర్ట్, పాత రిపోర్టులు తీసుకెళ్లండి.

బీపీ, షుగర్ అదుపులో ఉంటే వీసాకు అడ్డం కావు. మందుల చీటీ, ఇటీవలి హెచ్‌బీఏ1సీ తీసుకెళితే అక్కడికక్కడే తేలిపోతుంది. ముందు రోజు పస్తుండి షుగర్ దాచాలని చూడకండి. ఆలస్యం చేసేది టీబీ. ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనబడితే కళ్లె పరీక్ష, కల్చర్ అని నెలలు సాగుతుంది. పాత చికిత్స కార్డు దగ్గరుంటే తీసుకెళ్లండి.

కుటుంబంలో ఒక్కరు ఆరోగ్య నిబంధన తప్పితే అందరి వీసాలూ ఆగిపోతాయి, వెంట రాని బిడ్డ విషయంలో కూడా. ఆ వ్యక్తి చికిత్సకు, సేవలకు అయ్యే ఖర్చు 86,000 డాలర్ల హద్దు దాటుతుందా అన్నది చూస్తారు. 189, 190లలో దీనికి మినహాయింపు లేదు. ఇంట్లో దీర్ఘకాలిక వైకల్యమో కిడ్నీ జబ్బో ఉంటే, ఫీజు కట్టక ముందే రిజిస్టర్డ్ లాయరుతో ఒక గంట మాట్లాడండి.

పిల్లలు, పెద్దవాళ్లు

18 దాటిన బిడ్డను చేర్చాలంటే 23 నిండి ఉండకూడదు, పెళ్లి గానీ నిశ్చితార్థం గానీ కాకూడదు, మీ మీదే ఆధారపడి ఉన్నట్టు కాలేజీ ఫీజు, హాస్టల్, బ్యాంకు పంపకాల రుజువులు ఉండాలి. బీటెక్ అయిపోయి ఉద్యోగంలో చేరిన బిడ్డ ఆ లెక్కలోకి రాదు.

చదువు క్యాలెండర్ కూడా చూసుకోండి. అక్కడ బడి జనవరి చివర మొదలై డిసెంబరులో ముగుస్తుంది. 11, 12 తరగతులు కలిసి ఒకే సర్టిఫికెట్, కాబట్టి ఇక్కడ ఇంటర్ సెకండియర్ మధ్యలో తీసుకెళ్లి అక్కడ 12లో కూర్చోబెడితే బిడ్డ రెంటికీ చెడుతుంది. పదో తరగతి మార్చి పరీక్షలు అయ్యాక వెళ్లడం, లేకపోతే ఇంటర్ పూర్తి చేయించడం మంచిది. పీఆర్‌తో వెళితే యూనివర్సిటీలో దేశీయ ఫీజు పడుతుంది, కానీ ప్రభుత్వ విద్యా రుణం పౌరసత్వం వచ్చాకే. 491తో వెళితే చాలాచోట్ల విదేశీ విద్యార్థి ఫీజే. ఇంటర్ చదివే బిడ్డ ఉన్న ఇల్లు 491 ఒప్పుకునే ముందు ఈ ఒక్క లెక్క వేసుకోవాలి.

అమ్మానాన్నలను ఈ ఫైల్లో చేర్చడం కుదరదు. తర్వాత విజిటర్ వీసా ఉంది, మూడేళ్లకో ఐదేళ్లకో ఇచ్చే తాత్కాలిక పేరెంట్ వీసా 870 ఉంది. శాశ్వత పేరెంట్ వీసాకు సంతానంలో కనీసం సగం మంది ఆస్ట్రేలియాలో స్థిరపడి ఉండాలి, పైగా క్యూ ఏళ్ల తరబడి. ఊళ్లో పెద్దవాళ్లను ఎవరు చూసుకుంటారన్నది ఫీజు కట్టక ముందు అన్నదమ్ములతో కూర్చుని తేల్చుకోండి.

గ్రాంట్ వచ్చే దాకా, వచ్చాక

దరఖాస్తు వేశాక బిడ్డ పుట్టినా, పాస్‌పోర్ట్ మారినా, ఉద్యోగం మారినా వాళ్లకు తెలియజేయాలి. వీసా ఇచ్చినట్టు చెప్పే గ్రాంట్ లెటర్ రాకముందు ఉద్యోగానికి రాజీనామా, ఇల్లు అమ్మకం, స్కూలు టీసీ, ఏదీ వద్దు.

లెటర్ రాగానే అందరి పేర్లు, పుట్టిన తేదీలు, పాస్‌పోర్ట్ నంబర్లు సరిచూడండి. ఫస్ట్ ఎంట్రీ తేదీ ఇచ్చి ఉంటే ఆ లోపు ప్రతి ఒక్కరూ ఒకసారి అడుగుపెట్టాలి. సాధారణంగా అది మెడికల్స్ లేదా పీసీసీ తేదీ నుంచి ఏడాది లోపు పడుతుంది, అంటే గ్రాంట్ ఆలస్యమైతే చేతిలో రెండు మూడు నెలలే మిగలొచ్చు. ఉద్యోగం దొరికే దాకా ఒకరు ముందు వెళ్లి, మిగతావాళ్లు పదిరోజులు వెళ్లి ఎంట్రీ వేయించుకుని తిరిగి రావడం చాలా ఇళ్లలో జరిగేదే. మకాం మార్చే ముందు సేవింగ్స్ ఖాతాలు ఎన్‌ఆర్‌ఓగా (విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాగా) మార్పించండి, పీఎఫ్ యూఏఎన్‌కు ఉన్న ఫోన్ నంబరు అక్కడా పనిచేసేలా రోమింగ్ పెట్టించండి, పొలం పనులకు నమ్మకమైనవాళ్ల పేరున జీపీఏ రాసి రిజిస్టర్ చేయించండి. పిల్లల టీకాల కార్డు తప్పకుండా సంచిలో పెట్టుకోండి, స్కూల్లో చేర్చేటప్పుడు మొదట అడిగే కాగితాల్లో అదొకటి.